మూడో కంటికి తెలియకుండా

“ఆ ఫోను పక్కన పెట్టి ఇస్త్రీ సంగతి చూడమ్మా. చొక్కా కాలిందంటే ఎల్లుండి అంతమంది ముందు వాడేం వేసుకుని నిలబడతాడు?” అంది అత్తగారు, సోఫాలో కాళ్ళు చాపుకుని మోకాలి కింద దిండు సర్దుకుంటూ.

ఆమె ఫోను పక్కన పెట్టలేదు. బల్ల చివర నీళ్ళ సీసాకు ఆనించి నిలబెట్టుకుంది. కుడిచేత్తో కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ ఎడమ బొటనవేలితో జవాబులు కొడుతోంది. ఎవరో పెద్దావిడ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కనబడటం లేదని రాసింది. ఇంకొకామె తాళం గుర్తు మర్చిపోయింది. మూడో ఆవిడకు ఇబ్బందేమీ లేదు, ఊరికే ‘ఉన్నారా?’ అని అడిగింది. ‘ఉన్నాను, చెప్పండి’ అని కొట్టింది ఆమె. పొద్దుట్నుంచి అలాంటివి నలభై దాకా అయ్యాయి. అదొక పని అని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే ఆమెకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. చొక్కా ఇస్త్రీ పనే, ఇల్లు తుడవడం పనే, అత్తగారి మోకాళ్ళకు నూనె పట్టించడం పనే. ముఖం తెలియని ఆడవాళ్ళు ‘ఉన్నారా’ అని అడిగితే ఉన్నానని చెప్పడం మాత్రం ఏ లెక్కలోకి వస్తుంది?

ఆ మెసేజీలు వచ్చే యాప్ పేరు చెవిమాట. పేరు పెట్టింది ఆమె. అసలు అది పుట్టింది కూడా ఆమె నోట్లోంచే. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళూ ఆమె ఒక కాల్‌సెంటర్లో పనిచేసింది. కోపంగా ఫోను చేసినవాళ్ళు నవ్వుతూ పెట్టేసేవాళ్ళని ఆమెకు పేరు. అత్తగారికి మోకాళ్ళ ఆపరేషనయ్యాక ‘ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా’ అన్నారు. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. మానేసిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర ఆమె ఫోను టింగుమంది. వంటింట్లోంచి ఆమె వచ్చేలోపే భర్త తీసి, దూరాన ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న చెల్లెలు పంపిన మెసేజిని అందరికీ వినబడేలా చదివాడు. ‘అక్కా, నడుంనొప్పి, సెలవు ఇవ్వలేదు, బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.’ బల్ల చుట్టూ నవ్వులు. చేతిలో గిన్నెతో గుమ్మంలో నిలబడిపోయి, ఆమె ఒక్కటే మాట అంది: “ఆడదాని ఫోను గోడ గడియారం. దారినపోయే ప్రతివాళ్ళూ చూసిపోతారు.”

భర్త తలెత్తి ఆమె వైపు చూశాడు. సిగ్గుపడ్డాడనుకుంది. “బావుంది, ఇది చాలా బావుంది,” అని అన్నం మధ్యలో లేచి చేయి కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అప్పటికి అతను ఉద్యోగం వదిలి సొంతంగా ఏదైనా చేయాలని నాలుగు నెలలుగా గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

చెవిమాట అలా తయారైంది. గీత గీసి తెరుచుకునే తాళం, అవతలివాళ్ళు చదవగానే ఇద్దరి ఫోన్లలోనూ చెరిగిపోయే మాట. ఇంట్లో ఎవరు ఫోను తీసుకున్నా ఖాళీ తెర తప్ప ఏమీ కనబడదు. భర్త రాత్రింబవళ్ళు కూర్చుని తయారుచేశాడు. అందులో అబద్ధం లేదు, కష్టపడ్డాడు. అతని కాలేజీ స్నేహితుడు వచ్చి కలిశాడు. నోరు విప్పితే ‘గ్రాఫు పైకి వెళ్ళాలి వదినా’ అనే అతనికి ఆమె మనసులో గ్రాఫు అనే పేరు పెట్టుకుంది. ముందుగది ఆఫీసయింది. ఆఫీసయ్యాక ఆ గదిలో ఆమెకు పని పెరిగింది గాని కుర్చీ మాత్రం రాలేదు.

ప్రకటనలిచ్చారు. ఎవరూ రాలేదు. తెర మీది గ్రాఫు గీత నేల మీద పడుకున్న పాములా ఉండిపోయింది. అప్పుడు భర్త ఆమె దగ్గరికొచ్చి, “నువ్వొకసారి నలుగురు ఆడవాళ్ళకి చెప్పి చూడు. నీ నోటికి మహత్యముంది,” అన్నాడు. ఆ మాటకే పొంగిపోయింది పిచ్చిది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీయగానే సంచి భుజానేసుకుని బయల్దేరేది. బ్యూటీపార్లరు, స్కూలు గేటు, ఆస్పత్రిలో వెయిటింగు హాలు, బట్టలషాపు వెనక సరుకు సర్దే అమ్మాయిలు మధ్యాహ్నం తినే మెట్లు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, వాళ్ళ ఫోను వాళ్ళ చేతుల్లోనే ఉంచి, వాళ్ళ వేలితోనే తాళం గీయించేది. అందరూ ఒకటే అడిగేవాళ్ళు. “మీ ఆయన తయారుచేశాడంటున్నావుగా, మరి ఆయన చూడడా?” మొదటిసారి ఎవరో అలా అడిగిన రోజు ఇంటికొచ్చి అతన్ని అడిగింది. “నాక్కూడా కనబడవు. ఒట్టు,” అన్నాడు అతను. మర్నాటి నుంచి ఆమె అదే చెప్పింది. “మా ఆయనక్కూడా కనబడవు. మీ మాట మూడో కంటికి తెలియదు.” గ్రాఫు ఆ వాక్యాన్ని విని గంతేశాడు. అదే వాళ్ళ నినాదమయింది. ఎనిమిది నెలల్లో ఆమె చెప్పులు రెండు జతలు అరిగాయి. ఒకరి నుంచి పదిమందికి పాకి, ఇప్పుడు వేలల్లో ఉన్నారు. ఎల్లుండి పెద్ద హాలులో అట్టహాసంగా ప్రారంభోత్సవం. పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారు. ముందు వరుసల్లో నిజమైన ఆడవాళ్ళు కూర్చోవాలని గ్రాఫు అన్నాడు. ఆ వరుసలు నింపే పని కూడా ఆమెదే.

చొక్కా హ్యాంగరుకు తగిలిస్తుండగా భర్త వచ్చి నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టాడు. “బ్రోషరు ప్రూఫు. సాయంత్రం ప్రెస్సుకి పోవాలి. తప్పులేమైనా ఉంటే చూసి పెట్టవా? నీ తెలుగు బావుంటుంది కదా,” అని, చొక్కా భుజం మీద ఒక ముడత చూపించి వెళ్ళిపోయాడు.

ఎర్రపెన్ను తీసుకుని కూర్చుంది. మొదటి పేజీలో చెవిమాట కథ. ‘ఒక రోజు నా తల్లి, నా భార్య పడే ఇబ్బంది చూసి నా గుండె కరిగింది’ అని ఉంది. కరిగింది గుండో, మరోటో ఆమెకు తెలుసు. నవ్వుకుని, ‘ఇబ్బంది’ తర్వాత ఒక కామా పెట్టి పేజీ తిప్పింది. రెండో పేజీలో వ్యవస్థాపకులు. భర్త ఫొటో, గ్రాఫు ఫొటో, ఇద్దరూ చేతులు కట్టుకుని ఉన్నారు. పది రోజుల కిందట అడిగింది, నా పేరు కూడా ఒక మూల వేస్తారా అని. “నువ్వు ఇంటిమనిషివి, నీకు విడిగా ఏంటి?” అన్నాడు. ఇంటిమనిషి అన్న మాట అంత తియ్యగా ఎలా అన్నాడో గాని, విన్నాక ఆమె మళ్ళీ అడగలేదు.

మూడో పేజీ పైన ‘గుండెలోతుల్లోంచి’ అని శీర్షిక. కింద అయిదారు వాక్యాలు, ఒక్కొక్కటీ ఒక్కో రంగు గడిలో. చెవిమాట వాడేవాళ్ళ మనసులో ఏముంటుందో చూడండి అన్నట్టు. మొదటి గడిలో ఇలా ఉంది: ‘ఈ ఇంట్లో నేను లేని చోటు లేదు, నాకంటూ ఒక చొటు లేదు. – గృహిణి, 34.’ బాగా రాశారే అనుకుంది. రెండో ‘చొటు’ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘చో’ అని దిద్దింది. తర్వాతి గడిలోకి కన్ను పోయింది గాని చెయ్యి పోలేదు.

తొందరలో ఆమెకు దీర్ఘాలు పడవు. చెల్లెలు ఎప్పుడూ ఏడిపిస్తుంది: ‘అక్కా, నువ్వు దీర్ఘాలు మింగి కడుపు నింపుకుంటావా?’ ఆ వాక్యం ఆమెదే. మార్చిలోనో ఏప్రిల్లోనో ఒక మధ్యాహ్నం, దండెం దగ్గర తడిబట్టల వెనక నిలబడి చెల్లెలికి పంపింది. చెల్లెలు చదివింది. చదవగానే అది చెరిగిపోయింది. ఆమె కళ్ళముందే చెరిగిపోయింది.

తన తప్పును తనే దిద్దిన ఎర్ర సున్నా వైపు ఎంతసేపు చూసిందో తెలియదు. ముందు కోపం రాలేదు. ఒంటి మీద బట్ట జారిపోయిందేమోనన్నట్టు చేయి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. తర్వాత రెండో గడి చదివింది. ‘ఎడమవైపు రెండు మడతలు పెట్టి కుట్టేసినట్టు గట్టిగా ఉందే. డాక్టరు పరీక్ష చేయించాలంది. నాన్నకి చెప్పకు. – తల్లి, 45.’

పేరు అక్కర్లేదు. రొమ్ములో గడ్డను కుట్టుపనితో పోల్చి చెప్పే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే ఉంది. స్కూలు యూనిఫారాలూ జాకెట్లూ కుట్టే టైలరమ్మ. వేరే ఊళ్ళో చదువుతున్న కూతురికి రాసుకుంది. ఆ ఫోనులో తాళం గీయించింది ఈ చేతులే. మొదటి వరుసలో కూర్చోవాలని టైలరమ్మను మొన్ననే ఒప్పించింది. “మా ఆయన్ని కూడా తీసుకొస్తా, ఎప్పుడూ షాపు షాపని గోలపెడతాడు, ఒకసారి నలుగుర్లో కూర్చుంటాడు,” అంది ఆవిడ.

కాగితాలు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. ఇద్దరూ ఒక కంప్యూటరు మీదకు వంగి ఉన్నారు.

“ఈ మూడో పేజీ ఎక్కడిది?”

“బావుంది కదా వదినా?” గ్రాఫు మొహం వెలిగింది. “పెట్టుబడివాళ్ళు చదివి కళ్ళు తుడుచుకోవాలి. కల్పించి రాస్తే ఆ ఒరిజినాలిటీ రాదు.”

ఆమె భర్త వైపే చూస్తోంది. అతను ఎర్ర సున్నాను చూశాడు. చూడగానే అతనికి అర్థమయింది.

“పేర్లు తీసేశాంగా,” అన్నాడు మెల్లగా.

“కనబడవన్నావు.”

“ఫోనులో చెరిగిపోతాయి. మన దగ్గర ఒక కాపీ ఉంటుంది. ప్రతి కంపెనీకీ ఉంటుంది. ఎక్కడ ఆగిపోతోందో, ఏం చెడిపోయిందో చూసుకోవాలి కదా? ఇది మామూలు విషయం, నువ్వు దీన్ని…”

“నాక్కూడా కనబడవు, ఒట్టు అన్నావు.”

గ్రాఫు గొంతు సవరించుకుని నీళ్ళ కోసమన్నట్టు లేచి వెళ్ళిపోయాడు. భర్త కుర్చీ ఆమె వైపు తిప్పాడు. అతనికి కోపం రాలేదు. కోపం వచ్చినా బావుండేది. చిన్నపిల్లకు లెక్క చెప్పేవాడిలా ఓపిగ్గా అన్నాడు: “చూడు, నీకు అబద్ధం చెప్పడం రాదు. నీ మొహంలో తెలిసిపోతుంది. నువ్వు నమ్మితేనే వాళ్ళు నమ్ముతారు. అందుకని నీకలా చెప్పాను. అంతే. అందులో నిన్ను మోసం చేసిందేముంది? నీ నిజాయితీని నేను కాపాడాను.”

మోసానికి ఇంత శుభ్రమైన చొక్కా తొడగవచ్చని అంతవరకు తెలియదు. ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉంటే బావుండునని తెలుసు. అయినా అడిగింది.

“నావి ఎన్ని చదివావు?”

అతను బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

వంటింట్లోకి వచ్చి గట్టుకు వీపు ఆనించి నిలబడింది. ఏప్రిల్లో ఒకరోజు చెల్లెలికి రాసింది: పదేళ్ళలో ఈయన ఒక్కసారైనా నువ్వు తిన్నావా అని అడగలేదే. మూడు రోజులు పోయాక అతను కంచం ముందు కూర్చుని, తలెత్తి, “నువ్వు తిన్నావా?” అన్నాడు. ఆ రెండు మాటలు పట్టుకుని ఆమె వారం రోజులు గాలిలో తేలింది. మనిషి మారాడే, కష్టాలు మనిషిని మెత్తబరుస్తాయే అని చెల్లెలికి మళ్ళీ రాసింది. అదీ చదివే ఉంటాడు. చెప్పులు తెగిపోయాయని రాసినప్పుడు ఇంటికొచ్చిన కొత్త చెప్పులు, ‘మీ చెల్లి డ్యూటీ మారిందటగా’ అని నోరుజారి, ‘నువ్వే చెప్పావుగా’ అని సర్దుకున్న రోజు. ఒక్కొక్కటీ వచ్చి ఎదురుగా నిలబడింది. చేసిన చెడ్డ సంగతి సరే, ఎప్పుడో ఒకసారి చేసిన మంచి కూడా దొంగసొత్తే. ఇక ఆ పదేళ్ళలో దేన్ని తీసి తనదని దాచుకోవాలి?

“ఏమయింది? ఆ మొహమేంటి?” అత్తగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు, ఎదురుగా ఉన్న మనిషి ఆవిడే కాబట్టి చెప్పింది. మెసేజీలన్నీ ఒక చోట ఉంటాయనీ, మీ అబ్బాయి చదువుతాడనీ.

“మొగుడు చదివితే కొంపలేం మునిగాయి? దాచుకునే మాటలు సంసార స్త్రీకెందుకు?” అని అలవాటుగా అనేసి, ఆవిడ రెండడుగులు వేసింది. అక్కడే ఆగింది. ఆవిడ ఫోనులోనూ చెవిమాట ఉంది. మోకాళ్ళ ఆపరేషనయ్యాక బయటికి పోలేక దిగులుగా ఉంటే, కోడలే పెట్టిచ్చింది. ఆవిడకు ఒక అక్క ఉంది, ఎనభై దగ్గర పడ్డ మనిషి. మధ్యాహ్నాలు ఇద్దరూ తలుపు వేసుకుని పదహారేళ్ళ పిల్లల్లా ఫోన్లు నొక్కుకుంటారు.

“నావి కూడానా?” అంది అత్తగారు, వెనక్కి తిరక్కుండా.

ఆమె పక్కనున్న కుర్చీ ముందుకు జరిపింది.

“వాడి గురించి రాశానే. వాళ్ళ నాన్న గురించి కూడా రాశాను. చచ్చిపోయినాయన గురించి… అక్కకి తప్ప ఎవరికీ చెప్పనివి.” ఆవిడ ఆ కుర్చీలో కూలబడింది. ఆ సాయంత్రం ఆవిడ తన ఫోను ముట్టలేదు.

చీకటి పడకముందే భర్త వంటింట్లోకి వచ్చాడు. ఆ రెండు గడులూ తీసేశానన్నాడు. “నీ కోసం తీసేశాను. నువ్వు బాధపడితే నాకేం బావుంటుంది?” అని, ఇంకో కాగితం చూపించాడు. వ్యవస్థాపకుల పేజీలో ఇప్పుడు మూడు ఫొటోలున్నాయి. మూడోది ఆమెది. పెళ్ళయిన కొత్తలో ఆఫీసు గుర్తింపుకార్డు కోసం తీయించుకున్న ఫొటో ఎక్కడ వెతికి పట్టుకున్నాడో. కింద పేరు, పేరు కింద ‘సహ వ్యవస్థాపకురాలు’. ఎనిమిది నెలలు తిరిగి తిరిగి, ఒకసారి అడిగి నోరు మూసుకున్న దానికి ఒక్క పూటలో వచ్చి పడింది. చూడగానే మనసు ఒక్క క్షణం లేచి నిలబడింది కూడా. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు తన మీద తనకే జాలి వేసేది.

“కాపీలు?” అంది.

“ఏ కాపీలు?”

“అందరివీ. చెరిపేస్తావా?”

“అవే కదా మన ఆస్తి,” అన్నాడు అతను, చాలా సహజంగా. “పెట్టుబడివాళ్ళు కొనేది వాటినే. యాప్‌ ఎవడైనా చేస్తాడు.”

మర్నాడు పొద్దున్నే, వాడేవాళ్ళకు తను జవాబులిచ్చే సహాయం పెట్టెను ఫోనులో తెరవబోయింది. అందులోంచి అందరికీ ఒకేసారి కబురు పంపొచ్చు. పండగ శుభాకాంక్షల్లాంటివి ఆమే పంపేది. పాస్‌వర్డు తప్పన్నది తెర. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పన్నది. ముందుగదిలో భర్త తలెత్తకుండానే, “రెండ్రోజులు విశ్రాంతి తీసుకో. నేను చూసుకుంటా,” అన్నాడు.

పాస్‌వర్డు మార్చగలిగాడు. కాళ్ళు మార్చలేడుగా. ఆమె సంచి భుజానేసుకుంది. వెళ్తూ అత్తగారి వైపు చూసింది. వంట ఏం చేశావనో, వచ్చేదెప్పుడనో అడుగుతుందనుకుంది. ఆవిడ తన ఫోను చాచింది. “ముందు ఇందులోంచి అది తీసేసిపో,” అంది.

టైలరమ్మ షాపు తీస్తూ ఉంది. షట్టరు సగం ఎత్తి, మనిషిని చూసి నవ్వింది. “రేపటికి కొత్త బట్టలు కుట్టుకున్నా అమ్మాయ్, చూస్తావా?”

నిలబడే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. మాటలు అమర్చుకోలేదు. నీ కూతురికి నువ్వు రాసింది మా ఆయన చదివాడక్కా, కాగితం మీద వేయబోయాడు, అది తీసేశాడు గాని ఆయన దగ్గర ఇంకా ఉంది, అని.

టైలరమ్మ నవ్వు అలాగే ఉండిపోయి మెల్లగా చచ్చిపోయింది. చేతిలోని తాళంచెవుల గుత్తిని మిషను మీద పెట్టింది. “మీ ఆయనక్కూడా కనబడవన్నావు.”

“అన్నాను.”

“నేనేమన్నా ఆయన్ని చూసి పెట్టుకున్నానా దాన్ని? ఆయన మొహమే నాకు తెలియదు. నీ మొహం చూసి పెట్టుకున్నా.” గొంతు పెంచలేదు ఆవిడ. పక్కషాపువాళ్ళు వింటారని కాబోలు. “ఒంటి మీద కొలతలు తీసేటప్పుడు ఎన్ని చూస్తానో నీకు తెలుసా అమ్మాయ్? దెబ్బలు చూస్తాను, వాతలు చూస్తాను, కడుపులు చూస్తాను. ఇరవై రెండేళ్ళ నుంచి ఒక్కటి బయటికి చెప్పలేదు. నన్ను చూసి నేర్చుకోవాల్సింది మీ ఆయన.”

నాకూ తెలియదక్కా అనబోయింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజమే ఆ మాట. కాని తెలియదన్న మాటను ఈవిడ ఏం చేసుకుంటుంది? మింగేసింది. ఫోను తీసుకుని, చెవిమాట తీసేసి, తిరిగి ఇచ్చింది. టైలరమ్మ మిషను ముందు కూర్చుని నీలం గుడ్డ సూది కింద పెట్టి రెండు బారలు కుట్టింది. ఆగింది.

“రేపు పదింటికి రమ్మన్నారు ఆస్పత్రికి. తోడు దొరకలేదని అది మానేసి మీ హాలుకే వద్దామనుకున్నా. ముక్క తీసి పరీక్ష చేస్తారట. మా ఆయనకి చెబితే ముందు షాపు మూయిస్తాడు, ఆ తర్వాత నా సంగతి. పిల్లకి పరీక్షలు. పక్కన ఎవరైనా ఉండాలంది డాక్టరు. ఎవర్ని పిలవాలా అని పది రోజుల నుంచీ తిరుగుతున్నా. ఎవర్ని పిలిచినా చెప్పాలి కదా.” గుడ్డ మీద నుంచి కళ్ళెత్తలేదు. “నీకెలాగూ తెలిసిపోయింది. నువ్వే రా.”

క్షమించానని ఆవిడ అనలేదు, ఆమె అడగనూ లేదు.

ఆ రోజంతా తిరిగింది. పార్లరు, స్కూలు గేటు, బట్టలషాపు వెనక మెట్లు. కొందరు తిట్టారు. ఒకమ్మాయి ఏడ్చింది. స్కూలు దగ్గర ఒక లెక్కల టీచరు నవ్వి, “నేను ముందే అనుకున్నా, అందుకే ఎప్పుడూ అసలు సంగతి రాయలేదు,” అంది. పార్లరావిడ మాత్రం అద్దంలోంచి ఆమెను చాలాసేపు చూసి, “ఇంటికెలా వెళ్తావు ఇప్పుడు?” అని అడిగింది. ఆ ప్రశ్న అంతవరకు ఆమెకే తట్టలేదు. అందరూ ఒక పని చేశారు, తమ ద్వారా ఎవరెవరికి చేరిందో వాళ్ళకు తామే చెబుతామన్నారు. నోటి మాటతో పాకింది, నోటి మాటతోనే వెనక్కి మళ్ళింది. సాయంత్రం ఇంటికి రాగానే బీరువా తీసి, నాలుగు జతల బట్టలూ, పాత ఉద్యోగం కాగితాలూ సంచిలో పెట్టుకుంది. చెల్లెలికి మామూలు ఫోను చేసి, ఎల్లుండి వస్తున్నాను అంది. ఎందుకని అడగలేదు చెల్లెలు. స్టేషనుకు వస్తానంది.

పొద్దున పదింటికి ఆస్పత్రిలో నాలుగో నంబరు గది బయట ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరూ కూర్చున్నారు. టైలరమ్మ కొత్త బట్టలే వేసుకొచ్చింది. “కుట్టుకున్నా కదా, ఎక్కడో అక్కడ వేసుకోవాలి,” అంది. నర్సు ఫారం పట్టుకొచ్చి, “ఈవిడ మీకేమవుతారు?” అని అడిగింది. టైలరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, “తోడొచ్చింది. అంతే రాసుకోండి,” అని లోపలికి వెళ్ళింది. వెళ్తూ తన చేతిసంచి ఆమె ఒళ్ళో పెట్టింది.

పదకొండవుతుండగా ఫోను మోగింది. భర్త. వెనకాల మైకు సరిచేస్తున్న చప్పుడు.

“ఎక్కడున్నావు? ఏం చెప్పావు వాళ్ళకి? ముందు వరుసలు ఖాళీగా ఉన్నాయి. పొద్దుట్నుంచి వందలమంది తీసేస్తున్నారు, వాడు గ్రాఫు చూసి తల పట్టుకుని కూర్చున్నాడు.” మైకు కీచుమంటే గొంతు తగ్గించాడు. “సరే, అయిందేదో అయింది. పోట్లాట తర్వాత. ఆటో ఎక్కి వచ్చెయ్. మాట్లాడక్కర్లేదు, ఊరికే కనబడు చాలు. నీ ఫొటో పెద్దది చేయించి స్టేజి మీద తెర నిండా వేశాను. నువ్వు అడిగిందే కదా? చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు.”

నాలుగో నంబరు గది తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సు చెయ్యి ఊపి ఆమెను లోపలికి పిలిచింది. ఆమె లేచింది. టైలరమ్మ సంచిని భుజానికి తగిలించుకుని, ఫోను చెవి దగ్గర ఇంకొక్క నిమిషం ఉంచుకుంది.

“ఆ ఫొటో తీసెయ్,” అంది. “ఆ మొహం చూసి ఇంకెవరైనా నమ్మేస్తారు.”